డబ్బు కట్టకముందే అడగండి
(రోగి కుటుంబ సభ్యులకు ఒక పాఠం)



మీ ఇంటి మనిషిని ఆసుపత్రిలో చేర్చి, వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఈ పుస్తకం తెరిచి ఉంటారు. రోగిని డాక్టరుగారు, సిస్టర్లు చూసుకుంటారు. మరి మీ మనసులో తిరుగుతున్న లెక్కల సంగతి? ఎంత ఖర్చవుతుంది, ఎవరిని అడగాలి, ఏది తాకట్టు పెట్టాలి అనే దిగులు సంగతి? ఈ పాఠం దాని గురించే.

మార్కు సువార్త 2వ అధ్యాయంలో ఒక పక్షవాత రోగిని నలుగురు మోసుకొని యేసుప్రభువు దగ్గరికి తెస్తారు. ఆ నలుగురి పేర్లు ఎక్కడా లేవు. వాకిలి నిండా జనం ఉండి లోపలికి పోవడానికి వీలు లేకపోతే, వాళ్లు వెనక్కి తిరిగి పోలేదు. ఇంటి కప్పు విప్పి, అక్కడి నుంచి రోగిని కిందికి దించారు. రోగి వెంట వచ్చే కుటుంబమంటే ఆ నలుగురే. ఒక దారి మూసుకుంటే ఇంకో దారి వెతకడం మీ పని. అలాంటి దారులు ఏవేవి ఉన్నాయో ఈ పాఠంలో తెలుసుకుందాం.

తరచు జరిగే సంగతి

ఆసుపత్రుల్లో ఎన్నోసార్లు వినే కథ ఒకటి చెబుతాము. ఇది ఏ ఒక్క ఇంటిదో కాదు, చాలా ఇళ్లది.

రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే ఒక పెద్దాయనకు రాత్రిపూట గుండెనొప్పి వచ్చింది. ఇంట్లో బియ్యం కార్డు ఉంది. కానీ ఆ సమయంలో అది ఎవరికీ గుర్తు రాలేదు. కొడుకు కారు మాట్లాడుకొని నాయనను నేరుగా చెన్నైకి తీసుకుపోయాడు. అక్కడ ముందు డబ్బు కట్టమన్నారు. భార్య మెడలోని గొలుసు తాకట్టుకు పోయింది. చాలని డబ్బు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. స్టెంటు వేశారు. దేవుని దయవల్ల ప్రాణం నిలిచింది.

ఇంటికి వచ్చిన నాలుగో రోజు చూడవచ్చిన ఆశా కార్యకర్త ఒక మాట అడిగింది: "కార్డు చూపించినారా అబ్బయా?"

"అడగాలని మాకు తెలీదక్కా" అన్నాడు కొడుకు.

ఆ కుటుంబం చేసిన తప్పేమీ లేదు. తండ్రిని బతికించుకోవాలని పరుగెత్తారు. కానీ ఆరోగ్య పథకం అనేది ముందుగా అనుమతి తీసుకొని ఉచితంగా చికిత్స చేసే పథకం. మనం చేతి డబ్బు కట్టేసిన తరువాత ఆ బిల్లులు తీసుకుపోతే పథకం కింద తిరిగి రావడం చాలా కష్టం. కాబట్టి ఈ పాఠంలో నేర్చుకోవలసింది ఒకే ఒక మాట: డబ్బు కట్టకముందే అడగండి.

1. మీ చేతిలో ఉన్న కార్డు విలువ

2007 ఏప్రిల్ 1న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది. తొలుత అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలలో పెట్టి, తరువాత రాష్ట్రమంతా విస్తరించారు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారింది. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో దీనిని డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. మీ ఇంట్లో ఉన్న పాత కార్డు మీద పాత పేరు ఉందని భయపడవద్దు. ఆధార్ నంబరు, బియ్యం కార్డు నంబరు చెబితే మీ కుటుంబం వివరాలు కంప్యూటరులో చూస్తారు.

మొదట తెల్ల కార్డు ఉన్నవారికే అని మొదలైన ఈ పథకంలో, తరువాత ఏడాదికి 5 లక్షల రూపాయల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలను కూడా చేర్చారు. 2023 డిసెంబరులో ఒక కుటుంబానికి ఏడాదికి ఉన్న పరిమితిని 25 లక్షల రూపాయలకు పెంచారు. అప్పటికి జాబితాలో 3,257 చికిత్సలు ఉన్నాయి. గుండె, మూత్రపిండాలు, క్యాన్సర్, ప్రమాదాలు, కాలిన గాయాలు వంటి పెద్ద జబ్బుల చికిత్సలు చాలావరకు ఇందులో ఉంటాయి. మామూలు జ్వరం, దగ్గు వంటి వాటికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమే సరైన చోటు. అక్కడ పరీక్ష, మందు ఉచితం.

నిబంధనలు అప్పుడప్పుడు మారుతుంటాయి. అందువల్ల ఎవరో చెప్పిన మాట మీద ఆధారపడకుండా 104 నంబరుకు ఫోను చేసి అడగండి. ఫోనుకు ఖర్చు లేదు.

2. ఎవరిని అడగాలి?

ఈ పథకంలో ఉన్న ప్రతి ఆసుపత్రిలో, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, వైద్యమిత్ర అనే ఉద్యోగి ఉంటారు. కొందరు ఇప్పటికీ ఆరోగ్యమిత్ర అనే పిలుస్తారు. రోగికి, పథకానికి మధ్య వారధి ఆయనే. పేరు నమోదు చేయడం, డాక్టరు రాసిన చికిత్సకు అనుమతి కోసం కాగితాలు పంపడం, డిశ్చార్జి వరకు కనిపెట్టుకుని ఉండటం వారి బాధ్యత. ఇందుకు మీరు ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వనక్కరలేదు.

వైద్యమిత్ర బల్ల దగ్గరికి పోయి ఈ ఐదు ప్రశ్నలు అడగండి. చదువు రాకపోతే కంఠస్థం చేయండి.

మొదటి ప్రశ్న: ఈ ఆసుపత్రి పథకంలో ఉందా?
రెండవ ప్రశ్న: మా మనిషికి డాక్టరుగారు చెప్పిన చికిత్స ఈ ఆసుపత్రిలో పథకం కింద చేస్తారా?
మూడవ ప్రశ్న: అనుమతికి పంపారా? వచ్చిందా?
నాలుగవ ప్రశ్న: మేము చేతి నుంచి కట్టవలసింది ఏమైనా ఉందా? ఉంటే దేనికి?
ఐదవ ప్రశ్న: ఇక్కడ కాకపోతే దగ్గరలో ఎక్కడ చేస్తారు?

రెండవ ప్రశ్న ముఖ్యం. ఆసుపత్రి పేరు జాబితాలో ఉన్నా, అన్ని జబ్బులకూ ఉండదు. ఒకచోట ఎముకల ఆపరేషన్లకు ఉండి గుండెకు ఉండకపోవచ్చు. ఇది ఏ ఆసుపత్రికైనా వర్తిస్తుంది, మాకు కూడా. మమ్మల్ని అడగడానికి మొహమాటపడవద్దు.

అనుమతి వచ్చిన చికిత్సలో పరీక్షలు, ఆపరేషను, మందులు, రోగి భోజనం కలిసే ఉంటాయి. ఇంటికి వచ్చిన తరువాత 10 రోజులకు సరిపడే మందులు కూడా ఇవ్వాలి. డిశ్చార్జి అయిన 30 రోజులలోపు ఆ చికిత్స వల్లనే ఏదైనా ఇబ్బంది వస్తే, అదే ఆసుపత్రి చూడాలి. ఈ సంగతి తెలియక చాలామంది కుట్లు చీము పట్టినప్పుడు వేరే చోట డబ్బు పెట్టి చూపించుకుంటారు. ఎవరైనా అదనంగా డబ్బు అడిగితే గొడవ పడవద్దు. రసీదు అడగండి. 104కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

3. ప్రాణం మీదికి వచ్చినప్పుడు

ముందు ప్రాణం, తరువాత కాగితం. గుండెనొప్పి, పక్షవాతం, పాముకాటు, రోడ్డు ప్రమాదం, కాన్పు కష్టమైనప్పుడు కార్డు వెతుకుతూ కూర్చోవద్దు. 108కి ఫోను చేయండి. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన ఈ సేవ ఉచితం. జాతీయ రహదారి మీద ఉన్న మనకు ఇది పెద్ద అండ. ఉత్తరాన నాయుడుపేట, దక్షిణాన సూళ్లూరుపేట ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. అక్కడ మొదటి చికిత్స అందించి, అవసరమైతే నెల్లూరు పెద్దాసుపత్రికో, తిరుపతి రుయా లేదా స్విమ్స్ ఆసుపత్రులకో పంపుతారు.

అంబులెన్సులో రోగితో ఒకరు పోండి. ఇంకొకరు ఇంట్లో కార్డులు వెతికి వెనుక రండి. అత్యవసర సమయంలో ఫోను మీద కూడా అనుమతి తీసుకునే ఏర్పాటు పథకంలో ఉంది. చేర్చిన వెంటనే వైద్యమిత్రకు చెప్పడం మాత్రం మరవవద్దు.

4. చెన్నై, వేలూరు పోయేముందు

సూళ్లూరుపేటలో లోకల్ రైలు ఎక్కితే చెన్నై చేరతాము. అందువల్ల మన ప్రాంతం వారికి పెద్ద జబ్బు అనగానే చెన్నై, లేదా వేలూరు గుర్తుకు వస్తుంది. అక్కడ మంచి వైద్యం ఉంది, కాదనము. కానీ అది వేరే రాష్ట్రం. మన రాష్ట్రం కార్డు అక్కడి ప్రతి ఆసుపత్రిలోనూ చెల్లదు. 2019లో చెన్నై, బెంగళూరు, హైదరాబాదులలోని కొన్ని ఆసుపత్రులను కొన్ని చికిత్సలకు మాత్రమే చేర్చారు.

కాబట్టి ప్రమాదమేమీ లేని, వారం పది రోజులు ఆగగలిగిన ఆపరేషన్లకు రైలు ఎక్కేముందు 104కు ఫోను చేసి, ఆసుపత్రి పేరు, జబ్బు పేరు చెప్పి కనుక్కోండి. అదే ఆపరేషను తిరుపతిలోనో నెల్లూరులోనో ఉచితంగా జరిగే అవకాశం ఉంటే, మీ గొలుసు మీ మెడలోనే ఉంటుంది.

5. డెబ్బయి ఏళ్లు దాటిన పెద్దలకు

2024 అక్టోబరు 29 నుంచి కేంద్ర ప్రభుత్వం 70 సంవత్సరాలు నిండిన వారందరికీ ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నది. ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స ఉంటుంది. ఆదాయంతో పని లేదు. బియ్యం కార్డు లేని పెద్దలు కూడా తీసుకోవచ్చు. వయసుకు ఆధార్‌లో ఉన్న తేదీనే లెక్క. 14555 నంబరుకు ఫోను చేస్తే వివరాలు చెబుతారు. కార్డుకు రుసుము లేదు.

6. దీర్ఘకాల జబ్బులు, పింఛన్లు

జబ్బు పడిన మనిషి ఇంట్లో కూలికి పోలేడు. చూసుకునే మనిషి కూడా పోలేదు. రెండు కూళ్లూ పోతాయి. ఈ లోటు కొంతైనా తీర్చడానికి ఉన్న సహాయాలు ఇవి.

క్షయ (టి.బి.) రోగులకు: మందులు పూర్తిగా ఉచితం. మందులు వాడినంత కాలం పౌష్టికాహారానికి బ్యాంకు ఖాతాలో డబ్బు వేస్తారు. 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన ఈ సహాయం 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలైంది. ఆరు నెలల మందుల కోర్సుకు 6,000 రూపాయలు. ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించుకుంటున్నా, నిక్షయ్‌లో పేరు నమోదైతే ఈ సహాయం వర్తిస్తుంది. ఖాతాకు ఆధార్ అనుసంధానం లేకపోతే డబ్బు ఆగిపోతుంది. ఆ డబ్బుతో గుడ్లు, పాలు, పప్పు కొనండి. రోగి తినవలసినది రోగికే పెట్టండి.

మూత్రపిండాల జబ్బువారికి: డయాలసిస్ చేయించుకుంటున్నవారికి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. ప్రైవేటు ఆసుపత్రిలో చేయించుకుంటున్నవారికి కూడా వర్తిస్తుంది. తలసేమియా, సికిల్ సెల్, తీవ్రమైన హీమోఫీలియా ఉన్నవారికి కూడా ఇదే మొత్తం.

మంచం పట్టినవారికి: పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయలు.

వికలాంగులకు: 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువ వైకల్యం ఉన్నట్లు సదరం ధ్రువపత్రం ఉంటే నెలకు 6,000 రూపాయలు. ప్రమాదంలో కాలు పోయినవారు, చూపు పోయినవారు ముందు సచివాలయంలోనో మీసేవలోనో సదరం తేదీ తీసుకోవాలి. 2025లో వైకల్య పింఛన్లను మళ్లీ పరిశీలించి కొందరికి నోటీసులు ఇచ్చారు. అలాంటి నోటీసు వస్తే దాచిపెట్టవద్దు. ఎం.పి.డి.ఓ. గారికి అప్పీలు పెట్టుకుని మళ్లీ పరీక్ష కోరండి.

వృద్ధులకు, వితంతువులకు: నెలకు 4,000 రూపాయలు. వృద్ధాప్య పింఛనుకు వయసు 60 ఏళ్లు. అయితే ఎస్టీలకు, మత్స్యకారులకు, చేనేత కార్మికులకు, కల్లుగీత కార్మికులకు 50 ఏళ్లే. పులికాట్ సరస్సు మీద బతికే కుటుంబాలలో ఈ సంగతి తెలియనివారు చాలామంది ఉన్నారు. కొత్త దరఖాస్తులు ఎప్పుడు తీసుకుంటారో సచివాలయంలో కనుక్కుంటూ ఉండండి.

ఈ పింఛన్ల మొత్తాలు 2024 జూలైలో పెంచినవి. ఒకటో తేదీన సచివాలయ సిబ్బంది ఇంటికి వచ్చి ఇస్తారు.

రెండు ప్రశ్నలు మమ్మల్ని ఎక్కువగా అడుగుతుంటారు.

ప్రశ్న: మా అమ్మ ఆసుపత్రిలో ఉంది. ఒకటో తేదీకి ఊళ్లో లేకపోతే పింఛను పోతుందా?
జవాబు: పోదు. వరుసగా రెండు నెలలు తీసుకోలేకపోయినా మూడో నెలలో బకాయితో కలిపి తీసుకునే వెసులుబాటు 2024 చివరలో ఇచ్చారు. మూడు నెలలూ తీసుకోకపోతే మాత్రం ఊరు విడిచి పోయినట్లు భావించి ఆపుతారు. అందుకే ఆసుపత్రిలో ఉన్న సంగతి సచివాలయంలో చెప్పి ఉంచండి.

ప్రశ్న: పింఛను తీసుకునే భర్త చనిపోయాడు. భార్య మళ్లీ మొదటి నుంచి ఎదురుచూడాలా?
జవాబు: వృద్ధాప్య పింఛను తీసుకునే భర్త చనిపోతే అది భార్యకు ఇచ్చే పద్ధతి 2024 నవంబరు నుంచి ఉంది. మరణ ధ్రువపత్రం, ఆధార్ తీసుకుని ఆలస్యం చేయకుండా సచివాలయానికి పోవాలి. దుఃఖంలో ఉన్న ఆమె పోలేదు. పక్కింటివారో, సంఘంలోని స్త్రీలో తోడు పోవడం మంచి పరిచర్య.

7. మన మండలం, మన కార్యాలయాలు

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు దొరవారిసత్రం మండలం నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. మన ఆర్.డి.ఓ. కార్యాలయం సూళ్లూరుపేటలో, కలెక్టరు కార్యాలయం తిరుపతిలో ఉన్నాయి. అర్జీ పట్టుకుని అలవాటుగా నెల్లూరుకు పోతే ఆ రోజు కూలి, బస్సు చార్జీ రెండూ దండగ. చికిత్సకు మాత్రం ఈ హద్దు లేదు. పథకంలో ఉన్న ఆసుపత్రి నెల్లూరులో ఉన్నా, తిరుపతిలో ఉన్నా పోవచ్చు. పాత కాగితాల మీద నెల్లూరు జిల్లా అని ఉందని ఎవరైనా వెనక్కి పంపితే, మండలం జిల్లా మారిన సంగతి చెప్పండి.

మొదట పోవలసింది మీ ఊరి సచివాలయానికి. 2019 అక్టోబరు 2 నుంచి ఇవి పనిచేస్తున్నాయి. ఇంటికి వచ్చే వాలంటీరు ఇప్పుడు లేరు కనుక మనమే పోయి అడగాలి. దరఖాస్తు ఇచ్చిన ప్రతిసారీ రసీదు తీసుకోండి. రసీదు లేని దరఖాస్తు నీటి మీద రాసిన రాత. ఇంట్లో స్మార్ట్ ఫోను ఉన్న పిల్లలు ఉంటే, 2025 జనవరిలో మొదలైన మన మిత్ర వాట్సాప్ నంబరు 95523 00009 ద్వారా కూడా చాలా సేవలు పొందవచ్చు.

అక్కడ పని కాకపోతే ప్రతి సోమవారం జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో అర్జీ ఇవ్వండి. న్యాయ సలహా కావాలంటే 15100 నంబరుకు ఫోను చేస్తే న్యాయ సేవాధికార సంస్థవారు ఉచితంగా చెబుతారు. పథకంలో లేని చికిత్సకు చేతి డబ్బు పెట్టవలసి వస్తే, అసలు బిల్లులతో ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు చేయవచ్చు. ఎంత వస్తుందో, ఎప్పుడు వస్తుందో ముందుగా చెప్పలేము. కాబట్టి దాన్ని నమ్ముకుని వడ్డీకి తేవద్దు. కానీ ఒక్క బిల్లు కూడా పారేయవద్దు.

8. కాగితాలు లేని ఇళ్లు

చెరువు కట్టల మీద, గుంటల దగ్గర గుడిసెలు వేసుకుని బతికే యానాది కుటుంబాలలో ఆధార్ లేని పెద్దలు, జనన ధ్రువపత్రం లేని పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. కాగితం లేకపోతే కార్డు లేదు, కార్డు లేకపోతే పథకం లేదు. వీరి కోసం నెల్లూరు కేంద్రంగా ప్రత్యేకంగా ఐ.టి.డి.ఎ. ఉంది. మీ పక్కన అలాంటి కుటుంబం ఉంటే సచివాలయం దాకా మీరే తోడు పోండి. ఆసుపత్రిలో బిడ్డ పుడితే 21 రోజులలోపు జననం నమోదు చేయించండి. రుసుము ఉండదు. ఇంటికి వచ్చిన కోడలి పేరు, పుట్టిన బిడ్డ పేరు బియ్యం కార్డులో చేర్పించండి. జబ్బు వచ్చిన రోజు చేర్పిద్దామంటే కుదరదు.

9. ఇంట్లో ఒక సంచి

ఒక గుడ్డ సంచి కుట్టి, లోపల ప్లాస్టిక్ కవరులో ఇవి పెట్టి దూలానికి తగిలించండి. వాన వచ్చినా తడవవు, అర్ధరాత్రి అయినా దొరుకుతాయి.

- ఇంట్లో అందరి ఆధార్ కార్డులు, జిరాక్సులు
- బియ్యం కార్డు, ఆరోగ్య కార్డు
- బ్యాంకు పాసుపుస్తకం
- సదరం, కులం, జనన ధ్రువపత్రాలు
- పాత డిశ్చార్జి కాగితాలు, ఎక్స్-రేలు, మందుల చీటీలు
- ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో 108, 104, 14555 నంబర్లు

ఒక హెచ్చరిక. "నేను పింఛను ఇప్పిస్తా, కార్డు చేయిస్తా" అంటూ డబ్బు అడిగే దళారులను నమ్మవద్దు. ఫోనుకు వచ్చే ఓ.టి.పి. ఎవరికీ చెప్పవద్దు. అసలు కాగితాలు ఎవరి చేతికీ వదిలి రావద్దు. జిరాక్సు ఇవ్వండి.

ఇంతకూ అడగడం అవమానమా?

చాలామంది నోరు తెరవరు. "మేము బీదవాళ్లం, మమ్మల్ని ఎవరు లెక్కచేస్తారు" అనుకుంటారు. ఈ సహాయాలు ఎవరి జేబులో నుంచో వేసే భిక్ష కాదు. సబ్బు వంటి మనం కొనే వస్తువుల మీద కట్టే పన్నులు కూడా ఆ ఖజానాలోకే పోతాయి. పక్షవాత రోగిని మోసిన ఆ నలుగురు సిగ్గుపడి వాకిట్లోనే నిలబడి ఉంటే, వాళ్ల మనిషి మంచం మీదనే ఉండిపోయేవాడు.

చదివిన తరువాత మీలో మీరు జవాబు చెప్పుకోండి

1. ఆసుపత్రిలో డబ్బు కట్టకముందు ఎవరిని కలవాలి?
2. డిశ్చార్జి తరువాత ఎన్ని రోజులలోపు ఇబ్బంది వస్తే అదే ఆసుపత్రి చూడాలి?
3. మీ బియ్యం కార్డులో పేరు లేని మనిషి ఇంట్లో ఎవరైనా ఉన్నారా?
4. ఈ పాఠం చదవలేని ఒక్కరికైనా ఈ వారం చెప్పగలరా?

జవాబు తెలియకపోతే మళ్లీ చదవండి. లేదా వార్డులోని సిస్టరును అడగండి. మీ ఇంటి మనిషి ఆరోగ్యంతో, మీరు అప్పు లేకుండా ఇల్లు చేరాలని మా ప్రార్థన. దేవుడు మిమ్మల్ని దీవించును గాక.